పుర్రచేతి పుట్టి

తారు ఆరింది.
వేలితో నొక్కితే అంటడం లేదు.
సుంకేసుల కింద, ఏటి గట్టు మీద
మూడు రోజులుగా మసిపట్టిన మంగలంలా బోర్లాపడి ఉన్న పుట్టిని
నాయనా నేనూ చెరో అంచూ పట్టి వెల్లకిలా తిప్పినాం.
లోపల ఇంకా వెదురు వాసనే.
బయట మాత్రం కొత్త రోడ్డు వాసన.

"ఎవరికి మద్దిలేటన్నా?" అని గొర్రెలు తోలుకుపోతున్న రంగడు.
"మా సుంకులుకు."
రంగడు నవ్వలేదు. గొర్రెల్ని అదిలించుకుంటా పోయినాడు.

జేజినాయన కాలంలో ఎనుము తోలంట.
సున్నంలో నానబెట్టి, బొచ్చు గీకి,
తడి మీదే బద్దలకు లాగి కుట్టేవాళ్లంట.
ఎండేకొద్దీ తోలు బిగుసుకుని
రాత్రిళ్లు పుట్టి మూలిగేదంట.
ఊరకుక్కలు రేవు దాకా వెంటబడేవి,
నీళ్లలోకి దిగినాక గానీ వదిలేవి కావు.
ఇప్పుడు యూరియా సంచులు.
పదకొండు సంచులు విప్పి
దబ్బనం పట్టి కుట్టింది నేనే.
లోపల కూర్చుని చూస్తే
బద్దల సందుల్లో తెగిన అక్షరాలు,
ఒకచోట మాత్రం పూర్తిగా, తలకిందులుగా:
నికర బరువు.

"ఒళ్లొచ్చింది. ఇంక సొమ్ములు పెట్టాల" అన్నాడు నాయన.

మొదట పీట.
తుమ్మచెక్క, నా జానకు పొట్టిది.
ఎత్తైతే గాలి పడదోస్తుంది.
తర్వాత మోకు.
అంచుకు నాలుగుచోట్ల ఉచ్చులు వేసి
ముడిముడికీ నోటినిండా నీళ్లు పట్టి ఊసినాడు.
తడిమీద పడిన ముడి ఎండలో మాట తప్పదంట.

లంగరుకు రాయి కావాల.
అవ్వ తిరగలి పైరాయి ఉంది, అంచు పగిలింది,
నడుమ బొక్క, మోకు దూర్చడానికే పుట్టినట్లు.
ఎన్ని కొర్రలు మింగిందో ఆ బొక్క!
"ఇంట్లో తిరిగిన రాయిని ఏట్లో పారేస్తారా?" అంది అమ్మ.
"పారెయ్యం. దించుతాం. మళ్లీ తీస్తాం గదా."
అమ్మ ఇంకేమీ అనలేదు.
రాయిని కడిగి, పసుపు పూసి తెచ్చిచ్చింది.

ఇంక మిగిలింది నీళ్లు తోడేది.
పామాయిల్ డబ్బాను ఏటవాలుగా కోసి
కోసుకోకుండా అంచు మడిచి
పీటకు ఎడమపక్క తగిలించినాడు.
కుడిపక్క తెడ్డుకు కొక్కెం.
నాలుగడుగులు వెనక్కి పోయి చూసుకున్నాడు.
బీడీ ముట్టించి, "కూర్చో" అన్నాడు.
కూర్చున్నా.
"తెడ్డెయ్యి."
ఇసకలోనే, నీళ్లున్నట్టే, వేసినా.

నన్నట్లే చూస్తా నిలబడిపోయినాడు.

ఇన్నేండ్లూ వల నాది, తెడ్డు ఆయనది.
ఆయన భుజం జారినాక గదా ఈ పుట్టి.
ఆయన నిద్రపోయే మధ్యాహ్నాల్లో
పాత పుట్టిలో నేను ఏం నేర్చుకున్నానో
ఏ చేత్తో నేర్చుకున్నానో
ఆయనకెట్ల తెలుస్తుంది?

ఈ చెయ్యి ముద్దలోకి పోయినందుకు
ఆయనే గరిటెకాడతో కొట్టినాడు.
బళ్లో అయ్యవారు పలక లాక్కున్నాడు.
పేరంటంలో తాంబూలం అందుకోబోతే
అమ్మ దీన్ని కొంగు కిందికి నెట్టేది.
తినడం మార్చుకున్నా. ఇవ్వడం మార్చుకున్నా.
ఏటికి మాత్రం ఎవరూ చాడీ చెప్పలేదు.

బీడీ ఎప్పుడో ఆరిపోయింది.
నాయన పటకారు తెచ్చి
కట్టిన తీగలన్నీ విప్పడం మొదలుపెట్టినాడు.
డబ్బా కుడికొచ్చింది.
కొక్కెం ఎడమకి.
మోకు చుట్టా, లంగరు రాయీ అటుదిటు,
విప్పిన చోటే మళ్లీ ముడి,
మళ్లీ నోటినిండా నీళ్లు.
"గుండ్రంగా ఉండేదానికి కుడేంది, ఎడమేంది"
అని గొణిగినాడు,
నాతో కాదు, ముడితో.

పొద్దు వాలేముందు దించినాం.
ఒక సుడి తిరిగింది, రెండు తిరిగింది,
మూడో దాంట్లో నా చెయ్యి దాని మెడ పట్టుకుంది.
నడి ఏట్లో పాదం చల్లగా తగిలింది.
చూస్తే, నికర బరువు దగ్గర
కుట్టులోంచి సన్నగా ఊట.
తెడ్డు ఆపలేదు.
కుడిచెయ్యి చాపినా,
వెతక్కుండానే డబ్బా దొరికింది.

గట్టు మీంచి అరుస్తున్నాడు నాయన,
"కారుతోందామ్మే?"
"లేదు నాయనా" అన్నా,
తోడుకుంటా.