అసమాపక క్రియ

సూళ్ళూరుపేటలో చీకటుండగానే లోకల్ ఎక్కి
మూర్ మార్కెట్ స్టేషన్లో దిగి
పూందమల్లి హైరోడ్డు మీదుగా ఆస్పత్రి దాకా
నడిచే ఓపిక ఉన్న రోజుల్లోనే
నాలుగు సంపుటాలూ చదివేశాను.
ఇప్పుడు ఆటో. ఇప్పుడు మళ్ళీ చదవడమే.

మంగళ, గురు, శనివారాలు.
నాలుగు గంటల సేపు నా నెత్తురు
నన్నొదిలి బయట ఓ చుట్టు తిరిగొస్తుంది.
అది వచ్చేలోగా మేం తేల్చాల్సిన సంగతి:
ఏడో వాకిలి దగ్గర పోలమ ఏమైంది?

తొమ్మిదేళ్ళయింది నాలుగోది వచ్చి.
ఐదోది అచ్చులో ఉందని కొందరు,
రచయిత ఎక్కడో పుట్టగొడుగులు పెంచుకుంటున్నాడని కొందరు.

రెండో మంచం ఇమ్మానుయేలు, గుమ్మిడిపూండి లారీ మెకానిక్.
"దొంగ రేచడు చచ్చాడమ్మా.
సగం పటం పట్టుకుని పొగమంచులోకి పోయినోడు
రివర్సు గేరు లేని బండి."
ముసలి సేనాని మీద మాత్రం ఆశ వదలడు:
"బాణం తగిలిందన్నాడు గానీ పడ్డాడన్నాడా?
కవచం లోపల ఇనప రేకు అతికిన కమ్మరిని
మీరంతా మరిచిపోయారు. నేను మరవను.
వెల్డింగు నా కూడు."

మూడో మంచం ఇళంగో. పంతొమ్మిదేళ్ళు.
తెలుగు చదవడం రాదు. నేను పైకి చదివితే విని
పెరంబూరు యాసలో కథంతా అప్పజెప్తాడు.
వాడి లెక్కలో రాణి చెల్లెలు మనిషే కాదు.
"అక్కా, ఆమె నీళ్ళు తాగినట్టు ఒక్క చోటైనా ఉందా?"
వెతికాం. పద్దెనిమిది వందల పేజీలు.
నిజమే, ఒక్క గుక్క లేదు.
నీళ్ళ లెక్క మాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు!

పందెం ఏమిటంటే, ఓడినవాళ్ళు
తమ రోజు లీటరులోంచి అరకప్పు కాఫీ వదులుకోవాలి.
ఇమ్మానుయేలు కొబ్బరిబోండాం కాస్తానంటే
మెహరున్నీసా సిస్టర్ ట్యూబు సర్దుతూనే అంది:
"అది నెగ్గినోడికి శిక్ష."

ఒకటో మంచం వకుళమ్మగారు.
వేపేరి బడిలో తెలుగు సెక్షను మూసేసేదాకా టీచరు.
ఆవిడ ఎవరి పక్షమూ కాదు, వ్యాకరణం పక్షం.
"ఆఖరి వాక్యం చదువు" అనేది.
చదివేదాన్ని: పోలమ తాడు వదిలేసి, వెనక్కి తిరిగి,
అంతే. కామా ఉంది, చుక్క లేదు.
"వదిలేసి. తిరిగి. రెండూ అసమాపక క్రియలే.
తిరిగి అన్నాక నవ్విందో, నరికిందో, నిట్టూర్చిందో
ఏదో ఒకటి చేసి తీరాలి పిల్లా.
అందాకా కర్త ఉండాల్సిందే."
"తిరిగి పడిపోయింది అంటే, టీచర్?" అన్నాడు ఇళంగో.
ఆవిడ కాసేపు మిషను చక్రం వైపు చూసింది.
"పడ్డం కూడా పనేరా.
పడేదాకా ఉన్నట్టే కదా."

పోయిన నెలలో ఓ గురువారం
ఒకటో మంచం మీద మడత విప్పని దుప్పటి.
కూతురు కోయంబత్తూరు తీసుకెళ్ళిందని ఇళంగో.
మధ్యాహ్నం షిఫ్టుకి మారిందని ఇమ్మానుయేలు;
లిఫ్టు పక్కన ఆ నీలం పట్టీల చెప్పులు చూశానని కూడా అన్నాడు.
అలాంటి చెప్పులు రిచీ వీధిలో వందలున్నాయన్నాను.
వాదించుకున్నాం, ఎప్పట్లానే.
సిస్టర్నడిగితే ఒక్క మాటతో తేలిపోతుంది.
మూడు వారాలయింది.
ఎవరం అడగలేదు.

నాలుగో సంపుటం కొన్నాళ్ళు ఆవిడ దగ్గరుండి వచ్చింది.
అచ్చుతప్పులన్నిటికీ ఎర్ర సిరాతో సున్నాలు.
నూట పదో పేజీలో "ఈ గుర్రం ఇంతకుముందు ఆడది."
ఆఖరి కామా పక్కన మాత్రం ఒక టిక్కు,
మంచి పిల్లాడి నోటుబుక్కులో పెట్టినట్టు.

ఒకటో మంచానికి కావలి నుంచి కొత్తాయన వచ్చాడు.
రెండు రోజులు గోడకేసి తిరిగి పడుకున్నాడు.
ఇవాళ మిషను చప్పుడు మధ్యలో,
ముఖం ఇటు తిప్పకుండానే అడిగాడు:
"ఇంతకీ ఆ పిల్ల బతికుందంటారా?"

"అరకప్పు కాస్తారా?" అన్నాడు ఇమ్మానుయేలు.