తోవ తెలిసిన బండి

ముప్పై ఒక్క ఏండ్లు
ఒక్కటే రూటు నడిపిన మనిషి మా సారంగం.
వరంగల్ల ఎక్కుడు, కరీంనగర్ల దిగుడు, మళ్ల వచ్చుడు.
ఎల్కతుర్తి మలుపు
ఆయన కండ్లకంటె ముందు చేతులకు యాదికొచ్చేది.

రిటైరైనంక వేలంపాటల ఒక బండి కొన్నడు,
ఒకప్పుడు ఊరూరికి గోలీలు మోసిన నూట నాలుగు బండి.
తెల్లరంగు మీద ఆకుపచ్చ కొట్టిచ్చిండు.
మందుల అరలల్ల నేను పప్పుడబ్బాలు సదిరిన,
పరీక్షల బల్ల మీద పరుపేసినం.
నన్ను కండక్టరూ అని పిలుస్తడు.
జీతం మాత్రం ఇయ్యడు.

ఉట్నూరుకని బయలెల్లినం.
ఆసిఫాబాద్ దాటినంక అడవి మొదలైంది, సిగ్నల్ అయిపోవట్టింది.
అప్పటిదాంక ఫోన్ల ఆడమనిషి
"రెండు వందల మీటర్లలో కుడికి తిరగండి" అనుకుంట
మర్యాదగ వచ్చింది మా ఎంబడి.
కెరమెరి ఘాటుల సగం మాట మింగి ఊకున్నది:
"ఎడమకు..."
ఎడమకు లోయ.

మూడో మలుపుల ఉప్పుడబ్బా దొర్లింది.
ఐదో మలుపుల మామిడి తొక్కు జాడీ పలిగి
పరుపంత నూనె, ఆవాలు.
"ఆగు, ఎవలనన్న అడుగుదాం" అన్న.
"బస్సు డ్రైవరు తోవ అడుగుతడా?" అన్నడు.

ఘాటెక్కినంక తోవ రెండైంది.
డాంబరుది కుడికి, మట్టిది ఎడమకు.
ఆమె ఆఖరి మాట ఎడమకే గదా అని
ఎడమకు తిప్పిండు.

పత్తిచేన్ల నడుమ తోవ
నేను కుట్టే జాకెట్ల చేతి లెక్క
పోయినకొద్ది సన్నబడ్డది.
మేకలకాడి పిలగాన్ని కిటికీలకెల్లి నేనే అడిగిన,
ఉట్నూరెంత దూరమని.
"గింతే" అని చెయ్యి సాపిండు.
ఏడు కిలోమీటర్లు పోయినంక గూడ
ఆ గింత గింతనే ఉన్నది.

వాగు కాడ ఎనుక టైరు రేగట్ల దిగింది.
సారంగం దిగి టైరును చూసిండు,
ఆకాశాన్ని చూసిండు,
నా దిక్కు మాత్రం చూడలె.

పొద్దు వంగినంక గూడెపోళ్లు ఎడ్లను తోలుకొచ్చిన్రు.
మోకులు కట్టి గుంజి ఒడ్డుకేసిన్రు.
మేం పైసలు తీసేలోపట్నే
ఆడోళ్లు బండి పక్కన లైను కట్టిన్రు.
ఎందుకో సమజ్ కాలె, ఎనుకకు జరిగి చూసేదాంక.
పడమటెండకు ఆకుపచ్చ రంగు కిందికెల్లి
ఒకటి, సున్న, నాలుగు
లేసి నిలబడ్డయి.

అందరికన్న ముందు మడావి రాజుబాయి.
పాలిథిన్ కవర్ల చుట్టిన పుస్తకం విప్పింది.
బీపీ ఎంత, షుగరెంత, ఏ నెల ఎన్ని గోలీలు,
గళ్లు గళ్లుగ కిందికి దిగి
సగం పేజీ కాడ ఆగిపోయినయి.

"మేం ఆ బండోళ్లం కాదమ్మా. తోవ తప్పినం."

ఆమె తెలుగు అరకొర, నవ్వు మాత్రం నిండుగ.
బండి చుట్టు తిరిగి ఎనుక బంపరు సొట్టను తడిమింది.
"గిది మా వాగుల తాకిందే.
తప్పింది మీరు. బండి తప్పలె."

జిల్లాల ఎన్ని బండ్లో, ఎన్ని సొట్టలో.
నేను నమ్మలె.
సారంగం నమ్మిండు. డ్రైవర్లు గిసుంటియి నమ్ముతరు.

నా సంచిల నా బీపీ గోలీలు పదకొండున్నయి.
ఒకరియి ఒకరికి పడయని
చెయ్యి పెట్టి, ఉత్త చెయ్యే తీసిన.
ఆ లెక్క మాత్రం ఇంకా నా దగ్గర్నే ఉన్నది.

రాజుబాయి పుస్తకం సారంగం ముందట పట్టి
ఖాళీ గడి మీద ఏలు పెట్టింది.
"తేది ఎయ్యి."
"మందులు లేవు గదమ్మా."
"తేది ఎయ్యి."

ముప్పై ఒక్క ఏండ్లు డిపోల సంతకం పెట్టిన చెయ్యి
జేబులకెల్లి పెన్ను తీసింది.
తేది ఏసిండు. గోలీల గడిల సున్న సుట్టిండు.
కొంచెం సేపు ఆగి, గుండ్రటి అక్షరాలల్ల
"బండి వచ్చింది" అని రాసి
సంతకం చేసిండు.

ఎనుకున్నామె తన పుస్తకం విప్పింది.