మూడు గీతలు

పులియంతోపులో కుప్పతొట్టి వెనక గోడ మీద
బొగ్గుతో మూడు గీతలు, అవే మావాళ్ళ వికెట్లు.
నలభై ఏళ్ళలో ఎన్ని వానలు తుడిచినా
ఎవడో ఒకడు మళ్ళీ గీసేవాడు.

పోయిన ఆడిమాసంలో కార్పొరేషన్ వాళ్ళు టేపు పట్టుకొచ్చారు.
గోడ పోయింది. పచ్చ ప్లాస్టిక్ గడ్డి వచ్చింది,
చుట్టూ వల, గేటు, గంటకింతని రేటు.
రిబ్బను కత్తిరించిన రోజు మాక్కూడా మజ్జిగ పోశారు.

అబద్ధమెందుకు, బాగుంది.
చెప్పులిప్పి ఊడుస్తుంటే అరికాళ్ళకి చక్కిలిగిలి.
అలవాటుకొద్దీ దుమ్మణగాలని నీళ్ళు చల్లబోతే
రూతమ్మ పడీపడీ నవ్వింది.
ఎంత ఊడ్చినా మట్టి వాసన రాని నేల,
నాకే కొత్త.

రాత్రి ఏడింటికి వల పట్టుకుని
మా దావీదురాజు అడిగాడు:
"అమ్మా, నీ ఐడీ కార్డు చూపిస్తే వదుల్తారా?"
చూపించాను.
ఊడ్చే వేళకేనట అది.

లైట్లకి మాత్రం వల అడ్డం లేదు,
సగం వెలుగు రోడ్డు మీదే పడుతుంది.
అక్కడ, చెడిపోయి ఆగిన చెత్త లారీ వెనక తలుపు మీద
నిన్న తెల్లారుజామున చూశాను
మూడు గీతలు.

నీళ్ళ పైపు చేతిలోనే ఉంది.
లారీ అంతా కడిగాను,
ఆ తలుపు తప్ప.