ఒక్క గీత

మిరుగు పడి వారమైంది.
అంకీస దాటి ఇంకో రెండు వాగుల అవతల
తలండి చుక్కి రెండు గొంగళ్ల కింద వణుకుతోంది.
దుర్గం సమ్మక్క దాని వేలు గుచ్చి
కార్డు మీద ఒక్క చుక్క వేసి
పావుగంట కొంగుతో ఈగలు తోలింది.
ఒక్క గీతే తేలింది.
రెండైతే ఉన్నట్టు, ఒక్కటైతే లేనట్టు.
"కార్డేమో లేదంటది, ఒళ్లేమో కాలుతున్నది.
దేన్ని నమ్మాలె సారూ?"

నేను గాజుపలకను నమ్ముతాను.
ఇరవై రెండేళ్లుగా సిరొంచ ఆసుపత్రి వెనక గదిలో
మైక్రోస్కోపుకి ఆనీ ఆనీ
ఎడమ కనుబొమ పలచబడినవాణ్ణి.
ఆ రాత్రి కరెంటు వచ్చేదాకా ఆగి చూశాను.
ఊదారంగులో ఉంగరాలు,
చంటిపిల్ల ముక్కుపోగు కన్నా సన్నటివి,
ఒక్కో కణంలో ఒకటి. ఒకదాంట్లో రెండు.

కార్డు అబద్ధమాడలేదు.
అది ఏ ఆనవాలు పట్టాలని నేర్చుకుందో
ఆ ఆనవాలే వీటికి లేదు.

తెల్లారి మందులిచ్చాం.
ఆ ఊళ్లో అరవై ఒక్క మంది నెత్తుటిచుక్కల్ని
అద్దుడు కాగితాల మీద ఆరబెట్టి నాగపూరు పంపాను.
జవాబు సీతాఫలాల కాలానికి వచ్చింది.
అప్పటికి చుక్కి చెట్టు మీదుంది, పిలిస్తే దిగలేదు.

ఒక్క ఊరికి ముప్పై ఎనిమిది కుదుళ్లట జ్వరానికి!
నేను వాటన్నిటికీ ఒకే పేరు రాస్తూ వచ్చాను
రిజిస్టరులో, ఎర్ర సిరాతో, ఇన్నేళ్లూ.
కొన్ని ఇక్కడే పుట్టి పెరిగినవి.
కొన్నింటి చుట్టాలు ఇంద్రావతి అవతల.
కొన్ని, మాఘంలో మిరప ఏరను ట్రాక్టరెక్కి
గోదారి దాటినవాళ్లతో తిరిగొచ్చినవి కావచ్చు.
కూలి డబ్బు కొంగున ముడేసుకున్నారు,
ఇది ముడి లేకుండానే వచ్చింది.

చుక్కి ఒంట్లో రెండు. అక్కాచెల్లెళ్లట.
ఇద్దరికీ ఒకే చోట ఒకే ముక్క లేదు.

చుక్కి తాతకి దీన్నెలా చెప్పాలి?
దోమ కడుపులో పెళ్లవుతుంది తాతా, అన్నాను.
ఆయన మొదటిమాటే అడిగాడు:
"ఎన్ని దేవుళ్లోళ్లకు ఎన్ని దేవుళ్లోళ్లు?"
ఆరు దేవుళ్ల ఇంటికి ఆరు దేవుళ్ల పిల్లనివ్వరు ఇక్కడ.
నవ్వబోయి ఆగాను. సరిగ్గా అదే సంగతి.
జ్వరం అరుదైన పట్నంలో అది తనని తానే పెళ్లాడుతుంది,
బిడ్డలన్నీ ఒకే పోలిక.
ఇక్కడ, ఒక్క దోమ ఒక్క రాత్రి
ఇద్దరి నెత్తురు తాగిందంటే
బయటి సంబంధం కుదిరినట్టే.
"అయితే మావాటికన్నా నేమం తెలిసిందే," అన్నాడు ముసలాయన,
చుట్ట ఆరిపోయింది, మళ్లీ ముట్టించాడు.

ఫారంలో ఇప్పటికీ ఒకటే గడి: రాష్ట్రం.
నదుల పేర్లు రాసే చోటు లేదు.

కొత్తరకం కార్డులు వస్తాయన్నారు. వచ్చేదాకా
సమ్మక్క ఒక్క గీత చూసి పారెయ్యడం మానేసింది.
మెడ కింద చెయ్యి పెడుతుంది, లెక్కపెడుతున్నట్టు ఆగుతుంది,
సంచిలోంచి గాజుపలక తీసి కొంగుతో తుడుస్తుంది.
కొంగుతో తుడవొద్దని వందసార్లు చెప్పాను.