తరుగు

గని మూసి పద్దెనిమిదేళ్ళయింది.
అపుసేని కొండల్లో ఆ వాగు మాత్రం
ఇంకా షిఫ్టు దిగలేదు.
ఎర్రగా, పుల్లగా, చేపన్నది లేకుండా
రాత్రీ పగలూ పనిలోనే ఉంది.

వెటూరియా మోకాళ్ళదాకా బూట్లు తొడుక్కుని
డబ్బాలతో ముంచుతుంది.
ముందు చిటికెడు చిటికెడుగా సున్నం వేసి
తుప్పును అడుక్కి దింపుతుంది.
లేకపోతే ఇనుము, పిలవని చుట్టంలా
మొదటి బంతిలోనే కూర్చుంటుంది.

మోచేతి పొడవు గాజుగొట్టం.
నిండా సగ్గుబియ్యమంత పాలిమర్ గుళికలు.
బకెట్టుకీ దువ్వెనకీ దాయాదులే,
కాకపోతే వీటికి చేతులు మొలిపించారు,
ఒక్కో చేతికీ ఒక పీతకొండి.
కాల్షియం వస్తుంది, కొండి కదలదు.
మెగ్నీషియం వస్తే, పోనీ అంటుంది.
రాగి వచ్చిందా
కటుక్కున.

పైనుంచి నీలం దిగుతూ ఉంటుంది.
గంటకోసారి గాజు మీద ఆమె పెన్సిల్ గీత.
ఆపైన ఆమ్లం పోస్తే
కొండ్లన్నీ తెరుచుకుని గుళికలు తెల్లబోతాయి.
పట్టు నేర్పడం తేలికే,
ఆ విడుపు కోసమే ఆరేళ్ళు కూర్చుంది.

గేటు కాపలా నిస్తోర్ తలుపులో నిలబడి
ఊపిరి కూడదీసుకుంటాడు.
"సుత్తి లేదు, మందుగుండు లేదు, ఇదేం గని?
ఇరవై ఏడేళ్ళు తవ్వాను నేను.
రోజూ ఇదే గేటు దగ్గర జేబులు తడిమేవాళ్ళు.
ఒక్క గ్రాము ఇంటికి పోలేదు."
కాసేపాగి, అడక్కుండానే,
సారా కాచే కాగుకి చిల్లి పడిందని చెప్పాడు.

నలభై డబ్బాల వాగు
రేకు మీద పొలుసులుగా తేలింది.
పదకొండు గ్రాములు.
ఆ సాయంత్రం వెటూరియా గేటు దాటుతుంటే
నిస్తోర్ ఆకాశంలో ఏదో చూస్తున్నాడు.
నోటు పుస్తకంలో ఒకే మాట: తరుగు.

కంచరి ఫ్రింకు కరిగించి, సాగగొట్టి
నల్లటి కాగు అడుగున అతికాడు.
లేత గులాబీ రంగు, అగ్గిపెట్టెంత.

సెప్టెంబరు చివర, ప్లమ్ పళ్ళు పులిశాక
మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చాడు ముసలాయన.
అలవాటు చొప్పున జేబులోంచి
పరీక్ష కాగితం తీసి ముంచింది.
"ఏమంటోంది?"
"రాగి ఉందంటోంది, కొంచెం."
"ఉండదూ మరి" అన్నాడు,
తన గ్లాసు నింపుకుంటూ.

కింద, చీకట్లో
వాగు షిఫ్టు మారకుండా పోతోంది.