పల్లపు లెక్క

శాన్ వాకీన్ లోయ పడమటి అంచున
పత్తిచేలకు నీళ్ళు పెట్టే పని నాది.
ఇరవై రెండేళ్ళుగా అదే:
మడవ తియ్యడం, మడవ కట్టడం.

అప్పట్లో నీటితీరువా ఎకరానికింతని ఒకటే రేటు.
రెండడుగులు పారించినా అంతే, అయిదు పారించినా అంతే.
"రాత్రికి వదిలేసి పడుకో ఎవరిస్తో,
తెల్లారి చూద్దాం" అనేవాడు అమారో సిల్వెయిరా.
చవకదానికి కాపలా ఎవడు కాస్తాడు?

నేల కింద బంకమన్ను.
దిగలేని నీళ్ళు ఉప్పును వెంటేసుకుని
వేళ్ళ దాకా పైకొస్తాయి.
అందుకని ఎనిమిదడుగుల లోతున చిల్లుల గొట్టాలు,
గొట్టాల చివర గుంట, గుంటలో పంపు,
పంపు అవతల మురుగుకాలువ, దాని అవతల మడుగు.
మడుగు అవతలిది ఏ రసీదులోనూ రాయరు.

ఒక ఏప్రిల్లో ఆ గట్టున
పొడుగుకాళ్ళ పిట్ట గూడు చూశాను.
నాలుగు గుడ్లు. మూడు మురిగిపోయాయి.
నాలుగోది పిల్లయింది.
కళ్ళుండాల్సిన చోట
నున్నగా చర్మం.
సెలీనియం అన్నారు తర్వాత వచ్చినవాళ్ళు,
దాన్ని గాజుసీసాలోకి దింపుతూ.
నేను టోపీ తీశాను. ఎందుకో తెలీదు.

ఆ మరుసటేడు మీటర్లొచ్చాయి.
నీటి ఆఫీసు కిటికీలోంచి ఇడలీనా చదివి వినిపించింది:
"రెండడుగుల తొమ్మిదంగుళాల దాకా పాత రేటు.
గీత దాటితే రెండున్నర రెట్లు."
"నీళ్ళకి తరగతులేంటి, ఇదేమన్నా బడా?"
సిల్వెయిరా కేకకి కిటికీ అద్దం అదిరింది.

ఆ వేసవిలోనే
రాత్రి రెండింటికి టార్చిలైటుతో చేలోకొచ్చాడు.
"మీటరెంతయింది?"
కాఫీలో చక్కెర లెక్కపెట్టని మనిషి!
బోదెలు సగానికి నరికించాడు,
తడి తడికీ నన్ను నిలబెట్టాడు.
నీటికి ధర వచ్చాక
నా నిద్రకీ ఓ ధర వచ్చింది, గంటకింతని.
కాదనను, ఆ డబ్బుతోనే పెద్దదాని పళ్ళు కట్టించాను.

గుంటలో పంపు ఆగి ఆగి తిరిగేది.
ఒక్కో రాత్రి అసలు తిరిగేదే కాదు.
ఆ నిశ్శబ్దానికి
మొదట్లో ఉలిక్కిపడి లేచేవాణ్ణి.

ఇవాళ పంపు మళ్ళీ మోగుతోంది.
మేం నీళ్ళు కట్టేసి పదకొండు రోజులైంది.
ఎగువన కొత్తగా బాదంతోటలు,
అక్కడ వేరే ఆఫీసు, వేరే రేటు.
నీరు పల్లమెరుగు.
తను ఎవరి చేలోంచి వచ్చిందో
దానికేం గుర్తుంటుంది?

మురుగు పుస్తకం తెరిచి ఇడలీనా అడిగింది,
"ఇది ఎవరి పేర రాయను?"

కిటికీకి ఇవతల నేను, చేతిలో టోపీ.
ఆమె పెన్ను మూత తీసింది,
మళ్ళీ పెట్టింది.