ముప్పావు చుక్క

షార్జా విమానాశ్రయంలో కస్టమ్స్ ఆయన
నా పెట్టెలోంచి గుడ్డమూట తీసి ఊపాడు.
గలగల.
తూటాలా, అని కళ్ళతో అడిగాడు.
ఒకటి తీసి చేతిలో పెట్టాను. సీసపు దిమ్మ,
నెత్తిమీద అద్దంలో చూసినట్టు తిరగబడ్డ 'శ్రీ'.
బొటనవేలితో నొక్కుకుని
వేలి మీద పడ్డ గుర్తును కాసేపు చూసి
పొమ్మన్నాడు.

కోరుట్లలో ప్రెస్సు మూసేసిన రోజు
పాత బ్యాటరీల ధరకే అక్షరాల్ని తూచారు.
చిన్నప్పుడు అక్కడ పెళ్ళికార్డులు మడిచిన రుణానికి
రెండు కిలోలు నేను కొన్నాను, ఏరి.
శ్రీలన్నీ అరిగి నున్నగా ఉన్నాయి.
ఫ మాత్రం గూట్లో ఆరే దిమ్మలు, ఆరూ కొత్తవే.
ఆ ఊరికి ఫ తో ఏం పని?
ఇక్కడ పొద్దున లేస్తే ఫ.
కఫీలు, ఫైను, ఫోర్‌మన్, ఫోర్క్‌లిఫ్టు,
దొరకని ఫ్లైటు టికెట్టు.

పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియాలో మా బోర్డుల షాపు.
అయిదు భాషల్లో హెచ్చరికలు కోస్తాం వినైల్ మీద.
నాలుగు భాషలు ఒద్దికగా కూర్చుంటాయి.
తెలుగుకి మాత్రం కంప్యూటర్లో ఏది దొరికితే అది:
ఒత్తులు విడిపోయి పక్కన నిలబడేవి,
గుడులు చుక్కల గుండ్రాలకు వేలాడేవి.
లావు కావాలంటే మీట నొక్కి
నానిన శనగల్లా ఉబ్బించేవాణ్ణి.
ఎవడు చూస్తాడు, అనేవాడు సేటు కోయా.
నేనూ అదే అనుకున్నాను.

ఆగస్టు. మధ్యాహ్నం పని ఆపే గంటలు.
సజ్జా యార్డు నుంచి ముత్తెన్న వచ్చాడు,
చేతిలో అప్పడంలా అణిగిన స్టీలు సద్దిగిన్నె.
"మీరు చేసిన బోర్డే గదా?
ఇక్కడ వండరాదు అని ఉన్నది.
గీ ఎండల వండేటోడెవడు, అని నవ్వుకున్నం.
ట్రైలరు నీడకు పన్నం.
రివర్స్ వచ్చింది.
గిన్నె నెత్తికింద పెట్టుకునే అలవాటు నాకు,
ఇయ్యాల ఎందుకో పక్కకు పెట్టిన."

ఫైలు తెరిచాను. నేను కొట్టింది పండరాదు అనే.
ఉబ్బినప్పుడు ప మీది సందు పూడి
వ అయి కూర్చుంది.
"గిది పనా, వనా?"
పనే, అన్నాను.
గిన్నె బల్లమీదే వదిలేసి వెళ్ళాడు.

ఆ రాత్రి మూట విప్పాను.
యంత్రం లేదు. బూటు పాలిషు, చపాతీ కర్ర,
బిల్లుపుస్తకం వెనక కాగితం.
పన్నెండు పాయింట్ల ప ని బోర్డంత పెంచితే
అంచులన్నీ చీమలు కొరికిన బెల్లం.
ఏది అరుగుదలో, ఏది సిరా పాకడమో,
ఏది ఆ పేరు తెలియని చెక్కుడుమనిషి కోరి వంచిందో
విడదీయడానికే పదకొండు శుక్రవారాలు పట్టింది.

హమా నుంచి వచ్చిన ఉస్తాద్ మున్జిర్
పక్కగదిలో రెల్లుకలంతో అరబ్బీ రాస్తాడు.
తెలుగు తెలీదు. భూతద్దం పెట్టి
అలిఫ్‌ని కొలిచినట్టే కలం చుక్కలతో కొలిచాడు.
తలకట్టుకీ ఒంటికీ మధ్య ముప్పావు చుక్క.
"ఒళ్ళు ఎంత లావెక్కినా ఇది తగ్గనీకు" అన్నాడు
హిందీలాంటి హిందీలో,
"కడుపు నిండినోడు బెల్టు వదులు చేసుకోడూ?"

అలా తలకట్టుని పైకి జరిపాను, వెంట్రుకవాసి.
దాంతో గుడులు జరిగాయి, కొమ్ములు జరిగాయి,
ఒత్తులకు కింద చోటు చాల్లేదు.
కోరుట్ల కేసులో ఎన్నడూ లేని ఫ్ర, ఫ్ల
ప్ర దగ్గర బదులు తెచ్చి గీశాను.
ఫ్ల ఇంకా నచ్చలేదు. కుంటుతోంది.

కొత్త బోర్డు బిగించిన రోజు
ముత్తెన్న చాలాసేపు చదవలేదు.
ప తలకట్టు కింద సందులో
చూపుడువేలు పెట్టి చూశాడు. పట్టింది.
"పండరాదు" అన్నాడు. "మంచిగున్నది.
మరి ఏడ పండాలె?"

కోయా నావైపు చూశాడు.
ఆ మాటకు ఎవరూ ఆర్డరివ్వలేదు.